జాజ్ బ్యాండ్‌లో పెడల్ స్టీల్ గిటార్ వాయించడం ఎలా?

పెడల్ స్టీల్ అంటే తీగల మీద లోహపు బార్ జరుపుతూ, కాలి పెడళ్ళతో తీగల శ్రుతి మారుస్తూ కూర్చుని వాయించే గిటార్. దాని మీద ఒక కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మీటి, కుడి కాలితో వాల్యూమ్ పెడల్‌ని నెమ్మదిగా నొక్కుతూ పోతే అది పది సెకన్లు హాయిగా మోగుతుంది. నిమిషానికి 200 బీట్ల పాటలో పది సెకన్లంటే నాలుగేసి బీట్ల మెజర్లు ఎనిమిది. ఈలోగా పియానో మీద పదో పదిహేనో కార్డులు మారిపోయి ఉంటాయి. కంట్రీ సంగీతంలో ఈ వాయిద్యానికి పేరు తెచ్చిన ఆ నిలకడే జాజ్‌లో మొదటి అడ్డంకి. అందుకే కింద చెప్పేదాంట్లో చాలా భాగం స్వరాన్ని ఆపడం చుట్టూనే తిరుగుతుంది.

ఇది బార్, పిక్‌లు, పెడళ్ళు కొంత అలవాటైన వారి కోసం. దారి కొత్తది కాదు. పెడల్ స్టీల్ వాద్యకారుడు బడీ ఎమ్మన్స్ 1963లోనే న్యూయార్క్ జాజ్ వాద్యకారులతో కూర్చుని ఒక పూర్తి ఆల్బమ్ చేశారు. ఆ తర్వాతి తరాల్లో సూజన్ ఆల్కార్న్, గిటారిస్ట్ మేరీ హాల్వర్సన్ ఆక్టెట్‌లోను (ఎనిమిది మంది బృందం), గ్రెగ్ లీజ్ శాక్సఫోన్ విద్వాంసుడు చార్ల్స్ లాయిడ్ బృందంలోను వాయించారు. ముగ్గురినీ వరసగా వినండి. ఎమ్మన్స్ వాయిద్యాన్ని ఊదే వాయిద్యంలా నడుపుతారు, లీజ్ శాక్సఫోన్ వెనక పొరలా పరుచుకుంటారు, ఆల్కార్న్ దగ్గర స్వరం ఎంతో దాని చుట్టూ ఉన్న ఖాళీ కూడా అంతే. మీ బ్యాండ్‌లో మీరు ఏ పని చేయబోతున్నారో ముందే తేల్చుకుంటే మిగతా నిర్ణయాలు తేలికవుతాయి.

ఏ ట్యూనింగ్

కంట్రీలో ఎక్కువగా వాడే ఇ9 ట్యూనింగ్‌తో జాజ్ వాయించలేమా అంటే వాయించొచ్చు. ఇ తీగల్ని (4, 8) అర స్వరం దించే మోకాలి లీవర్ నొక్కి 8, 7, 6, 5 తీగలు మీటితే ఇ ఫ్లాట్, ఎఫ్ షార్ప్, జి షార్ప్, బి వస్తాయి. కింద బాస్ ఇ పట్టుకుంటే అది చక్కటి ఇ మేజర్ 9. అయినా కార్డులు ఎక్కువగా మారే సంగీతానికి సి6 ట్యూనింగ్ ఉన్న మెడే సులువు. ఇకపై చెప్పేదంతా పది తీగల సి6 గురించే. పైనుంచి కిందికి దాని తీగలు: జి (కొందరు ఇక్కడ డి పెట్టుకుంటారు), ఇ, సి, ఎ, జి, ఇ, సి, ఎ, ఎఫ్, సి. మామూలుగా వాడే తీగల మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో 12, 14, 17, 20, ఆపైన చుట్టు తీగలు 24, 30, 36, 42, 54, 70. మొదటి తీగ డి అయితే 12 బదులు 15.

పెడళ్ళలో ఎక్కువ పని చేసేవి నాలుగు. 4వ పెడల్ ఎ తీగల్ని (4, 8) బికి పెంచుతుంది. 5వది ఐదో తీగ జిని ఎఫ్ షార్ప్‌కి దించి, తొమ్మిదో తీగ ఎఫ్‌ని ఎఫ్ షార్ప్‌కి పెంచుతుంది. 6వది రెండో తీగ ఇని ఎఫ్‌కి పెంచి, ఆరో తీగ ఇని ఇ ఫ్లాట్‌కి దించుతుంది. 7వది మూడో తీగ సిని డికి, నాలుగో తీగ ఎని బికి పెంచుతుంది. మోకాలి లీవర్లు ఒక్కో గిటార్‌లో ఒక్కోలా ఉంటాయి కాబట్టి కింది ఉదాహరణలన్నీ పెడళ్ళతోనే.

శ్రుతి: పియానో పక్కన కూర్చున్నప్పుడు

మేజర్ కార్డ్‌లో మూడో స్వరం చెవికి తీయగా వినిపించాలంటే పియానో స్వరం కన్నా దాదాపు 14 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) తక్కువలో ఉండాలి. స్టీల్ వాయించేవారిలో చాలామంది అలాగే శ్రుతి చేసుకుంటారు. కంట్రీలో అది అందం. జాజ్‌లో అదే ఆరో తీగ ఇ ఒకసారి సి6లో మూడో స్వరం, మరోసారి ఎ మైనర్ 7లో ఐదో స్వరం, ఇంకోసారి ఎఫ్ మేజర్ 9లో ఏడో స్వరం. ఒకదానికి తీయగా దించితే మిగతా రెండూ చెడతాయి, పైగా పక్కన పియానో తన స్వరం తాను మోగిస్తూనే ఉంటుంది. కాబట్టి ట్యూనర్‌లో అన్ని తీగలూ సున్నా దగ్గరే పెట్టండి. మరీ గరుకుగా అనిపిస్తే ఇ తీగలు నాలుగైదు సెంట్లు దించుకోవచ్చు, అంతకు మించితే పియానోతో గొడవే.

క్రమం కూడా ముఖ్యం. ముందు పెడళ్ళేవీ తొక్కకుండా తీగలన్నీ వాటిని బిగించే కీల దగ్గర సరిచేయాలి. తర్వాత ఒక్కో పెడల్ తొక్కి, కుడి చివర ఉండే నైలాన్ నట్‌తో ఆ పెడల్ స్వరాన్ని సరిచేయాలి. ఈ క్రమం తిరగబడితే చేసిన పని మళ్ళీ మొదటికే వస్తుంది. దించే పెడల్ వదిలాక తీగ తన చోటికి పూర్తిగా రాకుండా కాస్త తక్కువలోనే ఉండిపోతోందంటే, సాధారణంగా ఆ తీగని వెనక్కి లాగే రిటర్న్ స్ప్రింగ్ బిగువు చాలడం లేదని అర్థం. నట్ తిప్పి దాన్ని సర్దలేరు.

ఇంకో పరీక్ష చేయండి. ఆరో తీగని ట్యూనర్‌లో చూస్తూ 4వ పెడల్ తొక్కండి. ఆ పెడల్‌కి ఆరో తీగతో సంబంధం లేదు, అయినా సూది కాస్త దిగుతుంది. నాలుగు, ఎనిమిది తీగల మీద లాగుడు పెరగ్గానే చెక్క శరీరం కొద్దిగా వంగడమే కారణం. రెండు మూడు సెంట్లయితే పట్టించుకోనక్కర్లేదు. ఆరు, ఏడు దిగితే ఆ తేడాలో సగాన్ని ముందే పెంచి ఉంచుకోండి. ఇక వేదిక మీది దీపాల వేడికి లోహం, తీగలు రెండూ మారతాయి. వాయిద్యాన్ని దాని చోట నిలిపి పది పదిహేను నిమిషాలు ఆగి, ఆ తర్వాతే శ్రుతి చూడండి.

బార్ ఎక్కడ పెడుతున్నామన్నది దీనికి రెండో సగం. 24 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) ఉన్న గిటార్‌లో మొదటి ఫ్రెట్ (మెడ మీది గీత) దగ్గర అర స్వరం దూరం 34 మిల్లీమీటర్లు, 12వ ఫ్రెట్ దాటాక 17, 24 దాటాక 9 కన్నా తక్కువ. బార్ ఒక్క మిల్లీమీటర్ పక్కకి జరిగితే మొదటి చోట 3 సెంట్లు తప్పుతాయి, రెండో చోట 6, మూడో చోట 12 దాకా. కళ్ళు పక్కనుంచి చూస్తే గీత ఒకచోట, బార్ మరోచోట ఉన్నట్టు కనిపిస్తుంది. 15వ ఫ్రెట్ మీదుగా మీ ముక్కు నిట్టనిలువుగా ఉండేలా కుర్చీ జరుపుకుంటే పై ఫ్రెట్ల దగ్గర ఆ మోసం తగ్గుతుంది. కింది ఫ్రెట్లలో ఎంతైనా సర్దుకోవచ్చు.

ఐదో ఫ్రెట్ దగ్గర ఏం దొరుకుతుంది

సి కీలో డి మైనర్ 7, జి7, సి మేజర్ 7 తీసుకుందాం. జాజ్‌లో అడుగడుగునా వచ్చే వరస ఇదే. మొత్తం ఆరు, ఐదు, నాలుగు, మూడు తీగల మీదే వాయిస్తాం.

బార్‌ని 5వ ఫ్రెట్ మీద పెట్టి మీటితే ఎ, సి, డి, ఎఫ్. డి మైనర్ 7 వచ్చేసింది. బార్ కదపకుండా 5వ పెడల్ తొక్కండి. సి కాస్తా బి అయి ఎ, బి, డి, ఎఫ్ మోగుతాయి. బాస్ కింద జి వాయిస్తుంటే ఇది జి9. పాదాన్ని కొంచెం వాల్చి పక్కనున్న 6వ పెడల్ కూడా కలిపి తొక్కితే ఎ కాస్తా ఎ ఫ్లాట్ అవుతుంది, అదే జి7 ఫ్లాట్ 9. ఇప్పుడు రెండు పెడళ్ళూ వదిలి బార్‌ని 7వ ఫ్రెట్‌కి జరిపితే బి, డి, ఇ, జి. బాస్ సి పట్టుకుంటుంది కాబట్టి అది సి మేజర్ 9. నాలుగు కార్డులకు బార్ కదిలింది ఒక్కసారి, అదీ రెండు ఫ్రెట్లు.

5, 6 పెడళ్ళు కలిపితే వచ్చేది డిమినిష్డ్ కార్డ్. దాన్ని మూడేసి ఫ్రెట్లు పైకీ కిందికీ జరిపినా అవే నాలుగు స్వరాలు స్థానాలు మార్చుకుని వస్తాయి. 2, 5, 8, 11 ఫ్రెట్లలో ఎక్కడైనా జి7 ఫ్లాట్ 9 దొరుకుతుందన్నమాట.

ఇంకా పదునైన జి7 కావాలంటే ఇలా చేయండి. 5వ ఫ్రెట్‌లో డి మైనర్ 7 అయ్యాక బార్‌ని 8వ ఫ్రెట్‌కి తీసుకెళ్ళి 6వ పెడల్ ఒక్కటే తొక్కండి. బి, ఇ ఫ్లాట్, ఎఫ్, ఎ ఫ్లాట్ వస్తాయి. జికి ఇవి మూడో స్వరం, ఫ్లాట్ 13, ఏడో స్వరం, ఫ్లాట్ 9. అక్కడి నుంచి పెడల్ వదిలి ఒక ఫ్రెట్ వెనక్కి, అంటే 7కి వస్తే సి మేజర్ 9 సిద్ధం. పై మూడు స్వరాలూ తలా అర స్వరం దిగుతాయి, ఆరో తీగ మీద బి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. చిక్కంతా ఆ ఆరో తీగ దగ్గరే. బార్ దాన్ని కిందికి లాగే క్షణంలోనే పెడల్ వదలడం వల్ల అది పైకి రావాలి. చేయి, కాలు ఒక వెంట్రుక తేడాతో కదిలినా కదలకూడని స్వరం వణుకుతుంది. మోగుతుండగా దీన్ని చేయబోకండి, ఆపి చేయండి.

బాస్ ఏ స్వరం వాయిస్తుందన్నది మీ కార్డ్ పేరునే మార్చేస్తుంది. పెడళ్ళు లేకుండా తీగలు వదిలేసి మీటితే ఇ, జి, ఎ, సి. కింద సి ఉంటే సి6, ఎ ఉంటే ఎ మైనర్ 7, ఎఫ్ ఉంటే ఎఫ్ మేజర్ 9, డి ఉంటే డి9 సస్, బి ఫ్లాట్ ఉంటే షార్ప్ 11తో కూడిన బి ఫ్లాట్ మేజర్. ఈ ఐదింటినీ పన్నెండు ఫ్రెట్లకూ కాగితం మీద రాసుకుంటే అరవై కార్డులు, కాలు కదపకుండా. ఆధునిక జాజ్ రచనల్లో వచ్చే సస్, షార్ప్ 11 కార్డులకు కొత్త పెడళ్ళ కోసం వెతికే ముందు ఈ పట్టిక చూసుకోండి.

ఆపడం

పై వరసని మోగుతూ మోగుతూ వాయిస్తే సి నుంచి బికి జారే చప్పుడు వినిపిస్తుంది. వినేవారికి వెంటనే కంట్రీ గుర్తొస్తుంది. పెడల్ ఇక్కడ స్వరాన్ని వంచే సాధనం కాదు, ట్యూనింగ్ మార్చే మీట. తొక్కింది ఎవరికీ వినిపించకూడదు.

క్రమం ఎప్పుడూ ఇదే: ఆపు, మార్చు, మీటు. కుడి అరచేతి చిటికెన వేలి వైపు అంచు తీగల మీద వాలగానే మోత ఆగాలి. ఆ నిశ్శబ్దంలో పెడల్ దిగాలి, బార్ జరగాలి. చేతి అంచు లేవడం, పిక్ తగలడం ఒకే కదలికలో జరగాలి. బార్‌ని తీగల మీది నుంచి ఎత్తకండి. ఎత్తి పెడితే టక్‌మంటుంది. బరువు మాత్రం తగ్గించి జరపండి. ఎడమ చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు బార్ వెనకాల తీగల మీద చదునుగా పడుకుని బార్‌తోపాటే కదలాలి. అవి లేస్తే బార్ వెనక భాగంలోని తీగ కూడా మోగి, అసలు స్వరానికి అర్థం లేని గిలక చప్పుడొకటి తోడవుతుంది.

సాధన ఇలా చేయండి. మెట్రోనోమ్ 60. ఒకటికి 5వ ఫ్రెట్‌లో డి మైనర్ 7 మీటండి. రెండుకి చేయి వాల్చండి. మూడుకి, ఏ చప్పుడూ లేకుండా, 5వ పెడల్ తొక్కండి. నాలుగుకి జి9 మీటండి. వారం రోజులు ఇది చేశాక ఆపడం, తొక్కడం రెండూ ఒకే బీట్‌లోకి తెచ్చి, ఆ తర్వాత మెట్రోనోమ్ పెంచండి. ఫోన్‌లో రికార్డు చేసి హెడ్‌ఫోన్‌తో వినండి. రెండు కార్డుల మధ్య "వ్యా" అనే సాగుడు ఏమాత్రం వినిపించినా, చేయి వాలకముందే కాలు కదిలిందని అర్థం. చాలామందికి కాలే తొందర పడుతుంది.

అరచేతితో ఆపడం కార్డులకు బాగుంటుంది. వేగంగా వెళ్ళే ఒంటి స్వరాలకు పిక్ బ్లాకింగ్ మేలు. తర్వాతి స్వరాన్ని ఒక వేలు మీటుతుండగా, ముందటి స్వరం మీటిన వేలి పిక్ తిరిగి అదే తీగ మీద ఆనుకుంటుంది. రెండూ నేర్చుకోక తప్పదు, ఒకదాంతో మొత్తం నెట్టుకొస్తే ఎక్కడో ఒకచోట దొరికిపోతారు.

జారుడు పూర్తిగా నిషేధమా? కాదు. ఒక కోరస్‌లో (పాట మొత్తం ఒక చుట్టు) ఒకచోట, కావాలని, బల్లడ్‌లో (నెమ్మది పాటలో) మెలోడీ చివరి స్వరంలోకి జారితే గదంతా వింటుంది. ప్రతి కార్డుకీ జారితే మాత్రం మీ తల మీద లేని కౌబాయ్ టోపీ అందరికీ కనిపిస్తుంది.

పియానోతో, బాస్‌తో

5, 7 ఫ్రెట్లలో మనం వాయించిన నాలుగు తీగల కార్డులు మధ్య సికి అటూ ఇటూ ఉంటాయి. పియానో ఎడమ చేయి కార్డులు పట్టేది కూడా సరిగ్గా అక్కడే. ఇద్దరూ ఒకేసారి కంపింగ్ (సోలో వెనక కార్డులు వాయించడం) చేస్తే ఎవరి ఫ్లాట్ 9 ఎవరిదో తెలియని ముద్ద అవుతుంది. రిహార్సల్‌లోనే మాట్లాడుకోండి. శాక్సఫోన్ సోలోకి పియానో, ట్రంపెట్ సోలోకి మీరు అని పంచుకోవడం అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి. ఇద్దరూ ఉండాల్సిందే అంటే మీరు రెండు స్వరాలకు తగ్గండి. మూడో స్వరం, ఏడో స్వరం చాలు. 5వ ఫ్రెట్‌లో ఐదు, మూడు తీగలు (సి, ఎఫ్) డి మైనర్‌కి, అక్కడే 5వ పెడల్‌తో అవే తీగలు (బి, ఎఫ్) జి7కి, 7వ ఫ్రెట్‌లో ఆరు, నాలుగు తీగలు (బి, ఇ) సి మేజర్‌కి. అదే జంటను 12 ఫ్రెట్లు పైన, వాల్యూమ్ తగ్గించి, నిలకడగా పట్టుకుంటే పియానోకి పైన వయొలిన్ల వరసలా కూర్చుంటుంది.

బాస్ నడుస్తున్నంతసేపూ తొమ్మిది, పది తీగల జోలికి వెళ్ళకండి. పదో తీగ సి దాదాపు 65 హెర్ట్జ్. డబుల్ బాస్ సొంత ఇల్లు అది. అక్కడ మీరు కాస్త అటూ ఇటూ ఉన్నా ఇద్దరూ అపశ్రుతిలో ఉన్నట్టు వినిపిస్తుంది, తప్పు బాస్ మీద పడుతుంది. ఆ తీగల్ని బాస్ లేని చోట్లకి, పాట మొదట్లోనో చివర్లోనో ఒంటరిగా వాయించే చోటికి దాచుకోండి.

పియానో లేని బ్యాండయితే కంపింగ్ భారం మొత్తం మీదే. అప్పుడు లయ తేలాలి. మొదటి బీట్ మీద ఒక పొట్టి కార్డ్, రెండు తర్వాతి అర బీట్ మీద మరొకటి, మిగతాదంతా ఖాళీ. ఇలా వాయించేటప్పుడు వాల్యూమ్ పెడల్ కదలకూడదు. మీటిన తర్వాత పెడల్ తెరిచి స్వరాన్ని ఉబ్బించే అలవాటుంటే మీ కార్డ్ డ్రమ్మర్ సింబల్ కన్నా వెనకపడి వినిపిస్తుంది, మీరు మాత్రం సరైన సమయానికే మీటామని ప్రమాణం చేస్తారు.

సోలో

5, 7 ఫ్రెట్ల జంట ఒంటి స్వరాలకీ పనికొస్తుంది. 5లో ఎ, సి, డి, ఎఫ్. 7లో అవే తీగల మీద బి, డి, ఇ, జి. రెండూ కలిస్తే డి డోరియన్ (డి మైనర్ 7 మీద వాడే ఏడు స్వరాల స్కేల్) మొత్తం ఉంది. ఆరో తీగ మీద ఎ, బి. ఐదో తీగ మీద సి, డి. నాలుగో తీగ మీద డి, ఇ. మూడో తీగ మీద ఎఫ్, జి. బార్ రెండు ఫ్రెట్ల మధ్యే ఊగుతుంది.

బార్ అసలు కదపకుండానూ చేయొచ్చు. 5వ ఫ్రెట్‌లోనే ఉండి, బి కోసం ఐదో తీగ మీద 5వ పెడల్, ఇ కోసం నాలుగో తీగ మీద 7వ పెడల్, జి కోసం మూడో తీగ మీద అదే 7వ పెడల్. ఇది చెవికి శుభ్రంగా ఉంటుంది, కానీ కాలు 5 నుంచి 7కి గెంతాలి. నిమిషానికి 140 బీట్ల లోపు పెడళ్ళు, అంతకు మించితే బార్ అన్నది చాలాసార్లు పనిచేసే లెక్క. ఎవరి చీలమండ వేగం వారిది, కొలిచి చూసుకోండి.

శాక్సఫోన్‌తో కలిసి ఒకే మెలోడీ వాయించేటప్పుడు వైబ్రాటో పూర్తిగా మానేయండి. ఇద్దరి వైబ్రాటోలూ ఒకే వేగంతో ఉండవు, కలిస్తే తప్పు శ్రుతిలా వినిపిస్తాయి. ఒంటరి సోలోలో మాత్రం పొడవాటి స్వరం సగం గడిచాక సన్నగా మొదలుపెట్టొచ్చు.

ఆంప్, కాగితం, చివరి తనిఖీ

ఆంప్‌లో డిస్టార్షన్ ఏమాత్రం లేకుండా బోలెడంత పవర్ ఉండాలి, 12 లేదా 15 అంగుళాల స్పీకర్. 800 హెర్ట్జ్ చుట్టూ మూడు నుంచి ఆరు డెసిబెల్స్ తగ్గిస్తే ముక్కుతో మాట్లాడుతున్నట్టుండే గుణం పోతుంది. ఆ చోటు శాక్సఫోన్‌కి వదిలినట్టూ అవుతుంది. రివర్బ్ ఇంట్లో పెట్టుకునేదాంట్లో సగం చాలు. పొడవాటి రివర్బ్ ఉంటే మీరు కష్టపడి ఆపిన కార్డుని అది మళ్ళీ మోగిస్తుంది. మీరు కూర్చుని వాయిస్తారు కాబట్టి మీ చెవులు సింబల్స్ కన్నా కింద ఉంటాయి. ఆంప్‌ని వెనక్కి వాల్చి, మీకు మీటరున్నర దూరంలో పక్కగా పెడితే మీకు వినిపించేది, జనానికి వినిపించేది కాస్త దగ్గరవుతాయి.

అరేంజర్ మీ కోసం నోట్స్ రాస్తే ఒక ప్రశ్న ముందే అడగండి: ఇది గిటార్ లెక్కలో రాశారా, పియానో లెక్కలోనా? గిటార్ నోట్స్ రాసినదానికి ఒక ఆక్టేవ్ (స్థాయి) కింద మోగుతాయి. అడగకపోతే శాక్సఫోన్‌తో కలవాల్సిన మెలోడీని బ్యాండ్ రిహార్సల్ సగం అయ్యేదాకా తప్పు ఆక్టేవ్‌లో వాయిస్తూ ఉంటారు. కార్డ్ గుర్తుల మీద పెన్సిల్‌తో ఫ్రెట్ అంకె, పక్కన పెడల్ అంకె రాసుకోండి. "8, పె6" అని ఉంటే చాలు, సింబల్స్ హోరులో అంతకన్నా పెద్ద వాక్యం చదివే తీరిక ఉండదు.

మొదటి పాటకి ముందు పియానో నుంచి ఒక ఎ అడిగి తీసుకుని, 5వ ఫ్రెట్‌లో ఆరో తీగతో పోల్చండి. తర్వాత 5వ పెడల్ తొక్కి వదిలి, అక్కడే ఐదో తీగ మీద సి మళ్ళీ సి దగ్గరికే వచ్చిందో లేదో పియానోతో సరిచూసుకోండి. రాకపోతే మొదటి పాటలో ఆ పెడల్‌ని వదిలేసి రెండు స్వరాలతో నెట్టుకొచ్చి, విరామంలో స్ప్రింగ్ సంగతి చూడండి.